ఇంటి వీడియోల్లో మనుషుల గొంతులు మిగలాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి వచ్చిన పిల్లలు బెంగళూరుకో మద్రాసుకో తిరిగి వెళ్లేసరికి ఇంట్లో ఫోన్లన్నీ నిండిపోయి ఉంటాయి. భోగిమంట, గొబ్బెమ్మలు, గంగిరెద్దు, మైపాడు బీచిలో పిల్లల ఆటలు, అన్నీ కలిపి గంటో రెండు గంటలో వీడియో. అందులో నాలుగు ఫ్యామిలీ గ్రూపులో పడతాయి. ఆ తర్వాత ఫోనులో చోటు లేదన్న మెసేజీ రాగానే గ్యాలరీలోవి తీసేస్తారు, గ్రూపులో ఉన్నాయి గదా అన్న ధీమాతో. ఆ ధీమాయే కొంప ముంచుతోంది. పెళ్లి వీడియోల మిక్సింగ్ మా వృత్తి. ఇంటి వీడియోలను సొంతంగా ఎడిట్ చేసుకోవాలనుకునే కొత్తవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాం. చివర్లో మా తోటి స్టూడియోల వారికి ఒక విన్నపం కూడా ఉంది.

మామూలుగా పంపితే వాట్సాప్ ఏ వీడియోనైనా కుదించేస్తుంది. 1080 పిక్సెళ్ల నాణ్యతతో తీసినది 480 దరిదాపుల్లోకి దిగుతుంది. పంపే ముందు హెచ్‌డీ గుర్తు నొక్కినా 720 దాకానే. ఫోను తెర మీద ఈ తేడా పెద్దగా తెలియదు. 43 అంగుళాల టీవీలో పెట్టినప్పుడు మొహాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. అలా పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో దీన్ని పసిగట్టడం తేలిక. వాట్సాప్ ద్వారా వచ్చిన ఫైలు పేరు చివర ఇంగ్లీషులో డబ్ల్యూ, ఏ అనే రెండు అక్షరాలు, వాటి పక్కన నాలుగంకెలు ఉంటాయి. కెమెరాతో నేరుగా తీసినదానికి ఆ రెండక్షరాలు ఉండవు. ఎడిటింగుకు కూర్చునే ముందు పేర్లు ఒకసారి చూసుకోండి. వాట్సాప్ కాపీ కనబడితే, తీసినవాళ్ల ఫోనులో అసలుది ఇంకా ఉందేమో ఆ పూటే అడగండి.

అసలు ఫైలును తెచ్చుకోవడానికి కేబులే మంచి దారి. ఫోనును కంప్యూటరుకు తగిలించగానే చార్జింగ్ మాత్రమే మొదలవుతుంది. పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. అప్పుడు డీసీఐఎం అనే ఫోల్డరు కనిపిస్తుంది, వీడియోలు అందులోని 'కెమెరా' ఫోల్డరులో ఉంటాయి. ఎంత చేసినా ఫోను కనిపించలేదంటే ముందు కేబుల్ మార్చి చూడండి. చవకగా దొరికే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే గానీ డేటా తీగలుండవు. ఐఫోను నుంచి విండోస్ కంప్యూటరుకు కాపీ చేస్తూంటే మధ్యలో ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యే చిక్కు. ఫోను ప్రతి ఫైలునూ అప్పటికప్పుడు వేరే రకంలోకి మార్చి ఇవ్వబోవడం వల్ల అలా అవుతుంది. సెట్టింగ్స్‌లో ఫోటోస్ కింద 'కీప్ ఒరిజినల్స్' పెడితే ఆ బెడద తప్పుతుంది.

కంప్యూటరులో ఫోల్డరు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి: 2025-01-14 సంక్రాంతి కావలి. ఇలా రాస్తే వందల ఫోల్డర్లున్నా వాటంతటవే వరసలో నిలబడతాయి. కాపీ అయ్యాక ఫైళ్ల లెక్క, మొత్తం సైజు రెండు చోట్లా సరిపోయాయో లేదో చూసి, ఒకటి రెండు ఫైళ్లు చివరి దాకా ఆడించి, అప్పుడు మాత్రమే ఫోనులోవి తీసేయండి. ఒక కాపీ కంప్యూటరులో, ఇంకోటి బయటి హార్డ్ డిస్కులో. మూడోది వేరే ఊళ్లో ఉన్న చుట్టాల ఇంట్లో. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు నెల్లూరు లోతట్టు వీధుల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కంప్యూటరూ హార్డ్ డిస్కూ ఒకే బల్ల మీద ఉంటే రెండు కాపీలున్నా ఒక కాపీ ఉన్నట్టే.

సాఫ్ట్‌వేరు గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. ఫోనులోనే చేసుకునేవారికి యూట్యూబ్ క్రియేట్ అనే ఉచిత యాప్ చాలు, దాంట్లో మూలన కంపెనీ ముద్ర పడదు. ఐఫోనుకు ఐమూవీ ఉంది. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ముందే వచ్చి ఉంటుంది. పాత కంప్యూటరైనా షాట్‌కట్ నడుస్తుంది, అదీ ఉచితమే. పాత మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలోనే ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో ఎక్కడైనా దొరికితే దించుకోవద్దు.

షాట్‌కట్‌లో ఫోను వీడియో తెరవగానే, ఫ్రేముల వేగం నిలకడగా లేదు, ఎడిటింగుకు అనువుగా మార్చమంటావా అని అడగవచ్చు. చాలామంది అదేదో ఎర్రర్ అనుకుని మూసేస్తారు. వెలుతురు తగ్గినప్పుడు ఫోను సెకనుకు 30 ఫ్రేములకు బదులు 24కో ఇంకా కిందికో దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేరేమో ఒకే వేగం లెక్కన నడుస్తుంది. ఫలితంగా మొదట్లో బాగానే ఉన్న వీడియోలో పది నిమిషాలయ్యేసరికి పెదాలకూ మాటకూ పొత్తు తప్పుతుంది. అడిగినప్పుడు 'గుడ్' అన్నది ఎంచుకుని మార్చుకోండి. ఫైలు చాలా పెద్దదవుతుంది, పని పూర్తయ్యాక దాన్ని తీసేయొచ్చు. కంప్యూటరు మరీ నత్తనడక నడిస్తే సెట్టింగ్స్‌లో 'ప్రాక్సీ' ఆన్ చేస్తే చిన్న నకళ్ల మీద పని సాగి, చివర్లో అసలు ఫైళ్లతోనే వీడియో తయారవుతుంది. కొత్త ఐఫోన్లతో తీసిన వీడియో కంప్యూటరులో పాలిపోయినట్టు కనిపిస్తే దానికి కారణం హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడాలను ఎక్కువగా పట్టే చిత్రీకరణ పద్ధతి. ఇంటి వీడియోలకు అది అవసరం లేదు, తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో ఆపేయండి.

పెన్‌డ్రైవ్‌లో ఉన్న క్లిప్పులను అక్కడి నుంచే ఎడిట్ చేయొద్దు. ముందు కంప్యూటరులోకి తెచ్చుకోండి, పని మొదలయ్యాక ఫోల్డరు పేరు మార్చొద్దు. సాఫ్ట్‌వేరు వీడియోను తనలోకి తీసుకోదు, అది ఎక్కడుందో గుర్తుంచుకుంటుందంతే. చోటు మారితే మర్నాడు తెరిచేసరికి అన్నీ ఖాళీ డబ్బాలు. సేవ్ చేసినప్పుడు వచ్చే ప్రాజెక్టు ఫైలు కూడా వీడియో కాదు, ఎక్కడ కోయాలి ఎక్కడ అతకాలి అన్న సూచనల చీటీ మాత్రమే. దాన్ని అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపితే ఏమీ తెరుచుకోదు. 'ఎక్స్‌పోర్ట్' చేస్తేనే వీడియో తయారవుతుంది.

కోత విషయానికొస్తే, గంట వీడియో నుంచి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు తేలితే కుటుంబమంతా కూర్చుని చూస్తారు. ముందు అంతా ఒకసారి ఆపకుండా చూసి, బాగున్న చోట్ల నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. తర్వాతే కత్తెర పట్టండి. షాట్‌కట్‌లో ముక్క చేయడానికి కీబోర్డు మీద ఎస్, అక్కర్లేని ముక్కను తీసి ఖాళీ లేకుండా జరపడానికి ఎక్స్. మాటల్లేని దృశ్యం నాలుగైదు సెకన్లు ఉంటే చాలు. మాటలున్నచోట వాక్యం పూర్తయ్యాక అర సెకను వదిలి కోయండి, లేకపోతే మాట నోట్లోనే తెగినట్టుంటుంది. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, అన్నప్రాసనలో బిడ్డ ముందు పెట్టిన వస్తువుల మీద చెయ్యి వేసే ఘట్టం లాంటివి మాత్రం ముక్కలు చేయొద్దు. అది రెండు నిమిషాలైనా అలాగే నడవనివ్వండి. బిడ్డ పుస్తకం వైపు వెళ్లబోయి బంగారం పట్టుకుంటే, ఆ తటపటాయింపే చూడముచ్చట.

నిలువుగా తీసినవి, అడ్డంగా తీసినవి కలిసి ఉంటే అడ్డం తెరనే ఎంచుకోండి. నిలువు క్లిప్పులకు పక్కన నలుపు వదిలినా ఫరవాలేదు. తెర నిండాలని సాగదీస్తే మనుషులు లావవుతారు, పెద్దది చేస్తే తలలు తెగుతాయి. షాటుకూ షాటుకూ మధ్య పూలు రాలడం, హృదయాలు ఎగరడం, పేజీ తిరగడం లాంటివి కూడా వద్దని మా గట్టి అభిప్రాయం. మా వృత్తిలోనూ ఒకప్పుడు అవి తెగ వాడారు, ఇప్పుడు ఆ క్యాసెట్లు పెట్టి చూస్తే పెళ్లికొడుకు మొహం కంటే గులాబీలే ఎక్కువ కనిపిస్తాయి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం గొంతుల సంగతి. ఎడిటింగ్ నేర్చుకున్న ఉత్సాహంలో మొదట చేసే పని, వీడియోలోని శబ్దం మొత్తం తీసేసి పైన ఒక సినిమా పాట పరవడం. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువులో దిగి తీసిన వీడియోనే తీసుకోండి. 'ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుందమ్మా', 'మాది పెళ్లి రొట్టె' అని మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒకరినొకరు అడిగే ఆ మాటలే దానికి ప్రాణం. వాటి మీద పాట వేస్తే మిగిలేది నీళ్లలో నిలబడ్డ జనం బొమ్మ. మనవరాలికి తలంటుతూ అవ్వ గొణిగే మాటలు, తాత ఇంటి పిల్లలను ముద్దుపేరుతో పిలిచే తీరు, చేపల పులుసు దించుతూ అమ్మ 'రేపటికైతేనే రుచి' అనడం, ఇవి ఏ ఫోటోలోనూ దొరకవు. ఆ మనిషి పోయాక ఇంట్లోవాళ్లు వెతుక్కునేది గొంతునే. సినిమా పాట ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది.

పాట అసలే వద్దని కాదు. మొదట్లో పేరు పడేటప్పుడు, ప్రయాణం దృశ్యాల్లో, చివర్లో వేసుకోండి. మనిషి నోరు విప్పగానే పాట తగ్గాలి. కొలత కావాలంటే, సౌండ్ మీటరులో మాటల శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఆగాలి, మాటల కింద నడిచే పాట మైనస్ 25 దరిదాపుల్లో ఉండాలి. సున్నా తాకితే శబ్దం పగులుతుంది. మేళం దగ్గర ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. సన్నాయి, డోలు పక్కనే నిలబడి తీస్తే మైకు తట్టుకోగల హద్దు దాటిన శబ్దం పై భాగం తెగిపోతుంది. రికార్డే కాని దాన్ని తర్వాత సరిచేయడం కుదరదు. 15 నుంచి 20 అడుగులు దూరం జరగడమే మందు.

మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రం ఒడ్డున తీసినవాటిలో మాటల కంటే గాలి హోరే ఎక్కువ వినిపిస్తుంది. గాలికి మీ వీపు అడ్డం పెట్టి, మైకు ఉండే ఫోను అడుగు భాగాన్ని వేలితో మూయకుండా తీయండి. ఇప్పటికే తీసినదైతే ఆడియో ఫిల్టర్లలో 'హై పాస్' వేసి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. హోరులో చాలా భాగం ఆ కింది స్థాయిల్లో ఉంటుంది, మనిషి మాట పెద్దగా చెడదు. అంతకు మించి శుభ్రం చేయబోతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మారుతుంది, కొంచెం గాలి ఉన్నా అలాగే ఉంచడం మేలు.

పాత ఫోటోలు, మాటల్లేని వీడియోలు ఉంటే వాటికి ఇంట్లో పెద్దవాళ్లతోనే వ్యాఖ్యానం చెప్పించండి. ఫ్యాను ఆపి, తలుపు వేసి, నోటికి జానెడు దూరంలో, ఒక పక్కగా ఫోను పెట్టి వాయిస్ రికార్డరులో రికార్డు చేయండి. ఎదురుగా పెడితే 'ప', 'బ' పలికినప్పుడల్లా ఊపిరి తగిలి ఠప్పుమంటుంది. రాసిచ్చి చదివించొద్దు. ఫోటో చూపించి 'ఇదెవరు, ఎక్కడ' అని అడగండి, మన యాసలో వచ్చే జవాబే అసలైన వ్యాఖ్యానం.

తెర మీద తెలుగు పేర్లు వేసేటప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. అలాంటప్పుడు ఆ అక్షరాలను వేరేచోట, పవర్‌పాయింటులోనైనా సరే, మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లతో రాసి, పీఎన్‌జీ బొమ్మగా దాచి వీడియో మీద అతికించండి. పేరు మెల్లగా రెండుసార్లు చదివేంతసేపు తెర మీద ఉండాలి. కొన్ని టీవీలు అంచులు కోసేస్తాయి గనక అక్షరాలు అంచుకు దగ్గరగా వద్దు. పేరుతో పాటు వరస, ఊరు కూడా రాయండి: 'సుబ్బమ్మ' అని మాత్రం రాస్తే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ తెలియదు, 'తాతయ్య పెద్దక్క సుబ్బమ్మ, ఉదయగిరి' అని రాస్తే తెలుస్తుంది.

ఎక్స్‌పోర్టుకు ఎంపీ4, హెచ్.264, 1080, శబ్దానికి ఏఏసీ ఎంచుకోండి. బిట్‌రేటు, అంటే సెకను వీడియోకు వాడే డేటా, 10 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఇస్తే నిమిషానికి 75 ఎంబీ అవుతుంది, ఎనిమిది నిమిషాలకు 600 ఎంబీ. హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో సైజు తగ్గుతుంది గానీ పాత టీవీల్లో శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు. పెన్‌డ్రైవ్‌లో బోలెడంత చోటున్నా పెద్ద ఫైలు ఎక్కలేదంటే అది ఫ్యాట్32 రకంలో ఉందన్నమాట. దాంట్లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే పడుతుంది, అయితే కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పెద్దవాళ్ల ఇంట్లో టీవీ పాతదైతే వీడియోనే రెండు భాగాలు చేసి ఇవ్వండి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయని మరవొద్దు.

వాట్సాప్‌లోనే పంపాలంటే గ్యాలరీ నుంచి కాకుండా 'డాక్యుమెంట్' దారిలో పంపండి. 2 జీబీ దాకా, ఏమీ తగ్గకుండా చేరుతుంది. యూట్యూబులో పెడితే మూడు దారులు. 'పబ్లిక్' అంటే లోకమంతా చూడొచ్చు. 'అన్‌లిస్టెడ్' అంటే లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు, ఆ లింకు చేతులు మారుతూ పోవచ్చు కూడా. 'ప్రైవేట్' అంటే మీరు ఈమెయిల్ ఇచ్చిన వాళ్లు మాత్రమే, 50 మంది దాకా. ఫోను నంబరుతో ఖాతాను నిర్ధారించుకోకపోతే 15 నిమిషాలు దాటినది ఎక్కనివ్వరు. సినిమా పాట ఉంటే హక్కుదారుల క్లెయిమ్ వస్తుంది, ప్రకటనలు పడొచ్చు, ఒక్కోసారి వీడియోనే ఆగిపోవచ్చు. గొంతుల మీద పాట వద్దనడానికి ఇది ఇంకో కారణం. యూట్యూబ్ కూడా వీడియోను మళ్లీ కుదిస్తుంది గనక అక్కడుంది గదా అని అసలుది తీసేయొద్దు.

పిల్లలు స్నానం చేసే దృశ్యాలు, ఓణీల వేడుకలో ఆడపిల్లలను దగ్గరగా తీసినవి, మంచంలో ఉన్న పెద్దవాళ్లవి బయటికి పంపే ముందు కోసేయండి, లేదా ఇంట్లో చూసేదానికి వేరే కాపీ చేసుకోండి. వీడియోలో ఉన్నవాళ్లను ఒక మాట అడగడం కుటుంబంలోనైనా మర్యాదే.

పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లున్న వాళ్లు ఆలస్యం చేయొద్దు. మన తీరం తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. ఆ బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు, టేపును చదివే హెడ్డు పాడవడమే గాక తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. బాగున్నవాటిని వీసీఆర్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు కేబుళ్లతో యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాకు కలిపి కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతి, 720 బై 576 ఎంచుకోవాలి. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే 'డీఇంటర్‌లేస్' వేయండి. చతురస్రానికి దగ్గరగా ఉన్న ఆ బొమ్మను వెడల్పు టీవీకి సాగదీయొద్దు. డీవీడీలైతే 'వీడియో టీఎస్' ఫోల్డరును మొత్తంగా కాపీ చేసుకుని, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఎంపీ4 చేసుకోవచ్చు.

ఇక స్టూడియోల వారికి విన్నపం. పెళ్లి తీసిన అసలు డేటాను మనం కొన్ని నెలలు ఉంచి, డిస్కులు నిండగానే చెరిపేస్తున్నాం. రెండు కెమెరాలతో 50 ఎంబీపీఎస్‌లో నాలుగు గంటలు తీస్తే 180 జీబీ. ఎల్లకాలం దాచడం ఎవరికీ సాధ్యం కాదు, అది నిజం. ఎన్నాళ్లు ఉంచుతామో బిల్లు మీద తేదీతో రాయడానికి మాత్రం ఖర్చేమీ లేదు. ఆ తేదీకి నెల ముందు ఒక ఫోను చేసి, వాళ్లే హార్డ్ డిస్కు తెచ్చుకుంటే డేటా ఎక్కించి ఇద్దాం. మిక్సింగులో మనం తీసేసిన గంటల్లో వధువు తాతో మేనత్తో పలికిన నాలుగు మాటలుంటాయి, అవెక్కడున్నాయో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. పెళ్లివారు కూడా అడ్వాన్సు ఇచ్చే రోజే ఈ సంగతి అడిగి బిల్లు మీద రాయించుకోవాలని కోరుతున్నాం.

ఇట్లు,
వీడియో మిక్సింగ్ పని చేసే కొందరం,
నెల్లూరు.